జర్మనీలో జర్మన్ – 9వ పాఠం: ‘నాకు’ ఉన్నచోట ‘మీర్’

ఈసారి ‘ఇన్’, ‘ఆన్’, ‘ఔఫ్’ లాంటి స్థానాన్ని చెప్పే మాటలు నేర్చుకోవాల్సింది. వాటిని వచ్చే పాఠానికి జరిపాను. గత అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చదివాక, అక్కడ పడిన చిక్కు తీయకుండా ముందుకు పోవడం సరికాదనిపించింది.

గత పాఠంలో పుంలింగ నామవాచకాల ముందు వచ్చే ‘డేర్’, ఆ మాట కర్మ అయినప్పుడు ‘డేన్’ అవుతుందని చూశాం. ‘ఇష్ కౌఫె డేన్ టిష్’, నేను ఆ టేబుల్ కొంటున్నాను. ఇది అందరికీ వచ్చింది. ఎంత బాగా వచ్చిందంటే, అక్కర్లేని చోట కూడా ‘డేన్’ వచ్చి కూర్చుంది. అద్దె ఇల్లు చూడటానికి వెళ్లారనుకోండి, ‘బాల్కనీ నాకు నచ్చింది’ అని యజమానికి చెప్పండి అని అడిగాను. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం రెండు రకాలు. కొందరు ‘ఇష్ గెఫాలె డేన్ బాల్కోన్’ అని రాశారు. ఇంకొందరు ‘మీర్ గెఫెల్ట్ డేన్ బాల్కోన్’ అని రాశారు. సరైనది ఇది: ‘మీర్ గెఫెల్ట్ డేర్ బాల్కోన్’.

రెండో రకం వాళ్లు దాదాపు చేరుకున్నారు, ‘డేన్’ ఒక్కటే అడ్డం పడింది. మొదటి రకం వాళ్లు మాత్రం ఎక్కడ దారి తప్పారో నాకు స్పష్టంగా కనిపిస్తోంది. మనసులో తెలుగు వాక్యాన్ని ముందు ఇంగ్లిష్‌లోకి మార్చారు, అక్కడి నుంచి జర్మన్‌లోకి దిగారు. ఇంగ్లిష్‌లో నచ్చడమనే పని చేసేది ‘నేను’. ఆ ‘నేను’ అలాగే ‘ఇష్’గా వచ్చేసింది. తెలుగులో నచ్చేది బాల్కనీ, ఎవరికి నచ్చిందంటే నాకు. జర్మన్ కూడా అచ్చంగా ఇదే మాట అంటుంది. నేరుగా వెళ్లే దారి ఉండగా చుట్టు తిరిగి వెళ్లడం, పైగా ఆ చుట్టుదారిలోనే పడిపోవడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

మీరు చేరిన కోర్సులో ఈ మాట ఎవరూ చెప్పరు. ఫోక్స్‌హోఖ్‌షూలెలో (పెద్దవాళ్లకు చదువు చెప్పే కేంద్రం) అయినా మరోచోట అయినా, ఇంటిగ్రేషన్ కోర్సు భాషా భాగం మామూలుగా 45 నిమిషాల చొప్పున 600 పాఠాలు. తరగతిలో పది దేశాల వాళ్లు కూర్చుని ఉంటారు. ఉపాధ్యాయురాలు అందరికీ కలిపి జర్మన్‌లోనే చెప్పాలి కాబట్టి ‘డాటీఫ్ క్రియలు’ (మన ‘కి’, ‘కు’ లాంటి రూపాన్ని కోరే క్రియలు) అని ఒక పట్టిక చేతికిచ్చి బట్టీ పట్టమంటారు. పక్కనున్న స్పెయిన్ అమ్మాయికి ఆమె భాష సాయపడుతుంది, మీకు మీ భాష సాయపడాలి. ఆ పట్టికలో సగం మీకు పుట్టుకతో వచ్చింది.

సర్వనామాలు మీకు తెలుసు కాబట్టి గబగబా అనేసుకుందాం. నేను, నన్ను, నాకు: ఇష్, మిష్, మీర్. నువ్వు, నిన్ను, నీకు: డూ, డిష్, డీర్. అతను, అతన్ని, అతనికి: ఏర్, ఈన్, ఈమ్. ఆమె, ఆమెను, ఆమెకు: జీ, జీ, ఈర్. మర్యాదకు మీరు, మిమ్మల్ని, మీకు: జీ, జీ, ఈనెన్. ‘మమ్మల్ని’కీ ‘మాకు’కూ ఒకటే మాట, ఉన్స్. నామవాచకాల ముందు ‘డేర్’, ‘డాస్’ రెండూ ‘డేమ్’ అవుతాయి, ‘డీ’ వచ్చి ‘డేర్’ అవుతుంది. బహువచనం మీ పుస్తకంలో ఉంది, చూసుకోండి. తెలుగు లిపిలో ఈ ధ్వనులు పూర్తిగా ఒదగవు. ‘మీర్’ చివరి ‘ర్’ దాదాపు వినిపించదు, ‘మీయ’ అన్నట్టు పలుకుతారు. ‘మీర్’ వినగానే ‘మీరు’ అనుకుని ఎదుటివాళ్లకు అంటగట్టిన జవాబులు కూడా కొన్ని వచ్చాయి. మీర్ అంటే నాకు. ‘మీకు’ అనాలంటే ఈనెన్.

ఇక ‘గెఫాలెన్’ (నచ్చడం) సంగతి తేల్చాలి, ఎందుకంటే దీన్ని పట్టుకుంటే మిగతావన్నీ వాటంతట అవే వస్తాయి. తెలుగులో క్రియ దేనిని బట్టి మారుతోందో చూడండి. ఆ ఇల్లు నాకు నచ్చింది. ఆ బూట్లు నాకు నచ్చాయి. నువ్వు నాకు నచ్చావు. నేను నీకు నచ్చానా? ‘నాకు’ అలాగే ఉంది. ఇల్లు, బూట్లు, నువ్వు, నేను మారిన కొద్దీ క్రియ మారింది. అంటే వాక్యానికి కర్త నచ్చిన వస్తువే. ఇప్పుడు జర్మన్ వినండి. డీ వోనుంగ్ గెఫెల్ట్ మీర్. డీ షూఎ గెఫాలెన్ మీర్. డూ గెఫెల్స్ట్ మీర్. గెఫాలె ఇష్ డీర్? నాలుగు వాక్యాల్లోనూ క్రియ తెలుగు మారినట్టే మారింది. కర్త అయిన దానికి ‘డేన్’ ఎలా వస్తుంది? కర్తకు ‘డేర్’ మారదు. అందుకే ‘డేర్ బాల్కోన్’.

‘బాల్కనీ కర్మ కాదని తెలుగులో నాకెలా తెలుస్తుంది, ప్రాణం లేని వాటికి మనం ‘ని’ చాలాసార్లు వదిలేస్తాం కదా’ అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. ‘పుస్తకం చదివాను’ అంటాం, అక్కడ పుస్తకం కర్మే, కానీ ‘ని’ కనిపించదు. సందేహం వచ్చినప్పుడు ఆ వస్తువు స్థానంలో మనిషిని పెట్టి చూడండి. ‘నువ్వు నాకు నచ్చావు’ అంటాం, ‘నిన్ను నాకు నచ్చింది’ అనం. ‘నువ్వు’ వచ్చింది కాబట్టి అక్కడున్నది కర్త. అదే ‘చూశాను’ తీసుకుంటే ‘నిన్ను చూశాను’ అంటాం, కాబట్టి అక్కడ బాల్కనీ కర్మ: ‘ఇష్ జేయె డేన్ బాల్కోన్’. నేను ఇప్పటికీ కొత్త క్రియ ఎదురైతే ముందు ఈ పరీక్షే పెడతాను.

ఇంకొక సంగతి. మనం ‘నచ్చింది’ అని భూతకాలంలో అంటాం, కానీ చెప్పేది ఇప్పటి ఇష్టం గురించే. జర్మన్‌లో అక్కడ వర్తమానం వాడాలి, ‘గెఫెల్ట్’. ‘హాట్ మీర్ గెఫాలెన్’ అంటే అప్పుడు నచ్చింది అని, అయిపోయిన సినిమా గురించో ప్రయాణం గురించో చెప్పే మాట. అద్దెకు తీసుకోవాలనుకుంటున్న ఇంటి గురించి అలా అంటే వినేవాళ్లు అయోమయంలో పడతారు.

వాక్యాన్ని ‘మీర్’తో మొదలుపెట్టాలా, వస్తువుతో మొదలుపెట్టాలా? రెండూ సరైనవే, క్రియ రెండో స్థానంలో ఉంటే చాలు. నేనైతే ‘మీర్’తోనే మొదలుపెట్టమంటాను. ‘నాకు’ అన్న మాట నోట్లోకి రాగానే ‘మీర్’ అనేయవచ్చు, తరవాతి మాట వెతుక్కోవడానికి ఒక క్షణం దొరుకుతుంది.

ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్దాం, ఈ పాఠం అసలు పని అక్కడే. లోపల అడుగుపెట్టగానే అడిగే మాట ‘వాస్ ఫేల్ట్ ఈనెన్?’ మాటకు మాట చూస్తే ‘మీకు ఏం కొరవడింది’ అని, అడిగేది ఒంట్లో ఏం బాగాలేదని. మీ జవాబు: ‘మీర్ టూట్ డేర్ బౌఖ్ వే’, నాకు కడుపు నొప్పిగా ఉంది. ‘డేర్ బౌఖ్’, ‘డేన్’ కాదు. కళ్లయితే బహువచనం కాబట్టి ‘మీర్ టూన్ డీ ఔగెన్ వే’. వికారంగా ఉంటే ‘మీర్ ఇస్ట్ ష్లెష్ట్’. కళ్లు తిరుగుతుంటే ‘మీర్ ఇస్ట్ ష్విండ్‌లిష్’. చలిగా ఉంటే ‘మీర్ ఇస్ట్ కాల్ట్’. ఈ మూడింటిలోనూ ‘నాకు ... గా ఉంది’ అన్న తెలుగు కట్టుబడి ఉన్నది ఉన్నట్టుగా దిగింది.

ఇక్కడ ‘ఇష్ బిన్’ పెడితే అర్థమే మారిపోతుంది. ‘ఇష్ బిన్ ష్లెష్ట్’ అంటే నేను చెడ్డవాణ్ణి, లేదా చేతకానివాణ్ణి. ‘ఇష్ బిన్ కాల్ట్’ అంటే మనసులో ఆప్యాయత లేనివాణ్ణి. విసుగ్గా ఉందని చెప్పబోయి ‘ఇష్ బిన్ లాంగ్‌వైలిష్’ అంటే ‘నేనే విసుగు పుట్టించే మనిషిని’ అని ఒప్పుకున్నట్టు. ఉక్కగా ఉందని చెప్పడానికి ‘ఇష్ బిన్ హైస్’ అనకండి, అది కామానికి సంబంధించిన మాటగా వినిపిస్తుంది. ‘మీర్ ఇస్ట్ హైస్’ అనండి. ఎలా ఉన్నారంటే ‘ఇష్ బిన్ గూట్’ అనే వాళ్లు కోర్సు మొదలై నెలలు గడిచినా కనిపిస్తారు. ‘మీర్ గేట్ ఎస్ గూట్’ అనాలి. ఇందులో ‘ఎస్’ను వదలకూడదు. ‘మీర్ ఇస్ట్ కాల్ట్’లో ‘ఎస్’ లేదు కదా అని ఇక్కడా తీసేస్తే వాక్యం కుంటుతుంది.

ఇదే కుటుంబంలో రోజూ పనికొచ్చేవి మరికొన్ని. హోటల్లో భోజనం అయ్యాక ‘హాట్ ఎస్ ఈనెన్ గెష్మెక్ట్?’ అని అడుగుతారు, మీకు రుచిగా అనిపించిందా అని. రైల్లో వదిలేసిన గొడుగు చూపి ‘గెహోర్ట్ డాస్ ఈనెన్?’ అంటే ఇది మీదేనా అని. మాట నోటికి అందనప్పుడు ‘డాస్ వోర్ట్ ఫెల్ట్ మీర్ నిష్ట్ ఐన్’, ఆ మాట నాకు తట్టడం లేదు. ఇక ‘పాసెన్’ను గట్టిగా పట్టుకోండి. ‘డీ హోజె పాస్ట్ మీర్’, ప్యాంటు నాకు సరిపోయింది. ‘పాస్ట్ ఈనెన్ డీన్స్‌టాగ్?’, మంగళవారం మీకు కుదురుతుందా? టెర్మీన్ (ముందుగా ఖాయం చేసుకున్న సమయం) లేకుండా ఏ పనీ జరగని దేశంలో ఈ ఒక్క వాక్యం ఎన్నో పనులు చేసిపెడుతుంది.

తెలుగును నమ్మమన్నాను కానీ, గుడ్డిగా నమ్మమనలేదు. మన ‘నాకు’ జర్మన్ ‘మీర్’ కంటే చాలా దూరం విస్తరించింది. నాకు ఆకలిగా ఉంది అంటే ‘ఇష్ హాబె హుంగర్’. జ్వరం, భయం, సమయం అన్నీ ‘ఇష్ హాబె’తోనే. నాకు తెలుసు ‘ఇష్ వైస్’, నాకు కావాలి ‘ఇష్ బ్రౌఖె’, నాకు జర్మన్ వచ్చు ‘ఇష్ కాన్ డోయ్‌చ్’, నాకు కనిపిస్తోంది ‘ఇష్ జేయె’, నాకు అలసటగా ఉంది ‘ఇష్ బిన్ మ్యూడె’. ఇవి కొన్నే, వేరుగా రాసి గోడకు అంటించుకోండి. వీటిలో ‘హాబె’, ‘బ్రౌఖె’, ‘జేయె’ లాంటివి కర్మను తీసుకుంటాయి కాబట్టి గత పాఠంలోని ‘డేన్’ ఇక్కడ హాయిగా వస్తుంది. ‘ఇష్ బ్రౌఖె డేన్ ష్ల్యుసెల్’, నాకు ఆ తాళంచెవి కావాలి. అదే తాళంచెవి లేకపోతే ‘మీర్ ఫేల్ట్ డేర్ ష్ల్యుసెల్’. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

ఎదురు దిశలో తిరిగేవి కూడా ఉన్నాయి. ‘మీకు ఫోన్ చేస్తాను’ అంటాం, కానీ జర్మన్‌లో ‘ఇష్ రూఫె జీ ఆన్’, మిమ్మల్ని పిలుస్తాను అన్నట్టు. స్విట్జర్లాండ్‌లోనూ జర్మనీ నైరుతి ప్రాంతంలోనూ మాట్లాడేటప్పుడు ఇక్కడ డాటీఫ్ వినిపిస్తుంది. విని అర్థం చేసుకోండి, పరీక్షలో రాయకండి. ‘నన్ను నమ్మండి’ అనడానికి ‘గ్లౌబెన్ జీ మీర్’. ‘నాకు సాయం చేయండి’ మాత్రం మనదారినే వస్తుంది, ‘హెల్ఫెన్ జీ మీర్’. ‘హెల్ఫెన్ జీ మిష్’ అని రాసిన వాళ్లు మళ్లీ ఇంగ్లిష్ గుండా వెళ్లారు.

అభ్యాసం ఈసారి కాస్త బరువుగా ఉంటుంది. వలస వచ్చినవాళ్లకు పెట్టే జర్మన్ పరీక్ష ‘డోయ్‌చ్-టెస్ట్ ఫ్యూర్ త్సువాండరర్’లో ఉత్తరం రాయడానికి ఇచ్చేది 30 నిమిషాలు. మీరూ గడియారం పెట్టుకుని అంతే సమయంలో ఇంటి యజమానికి ఒక ఉత్తరం రాయండి. నిన్న ఇల్లు చూశారు. అందులో ఏకవచనంలో ఒకటి, బహువచనంలో ఒకటి నచ్చాయి. వంటగదిలో ఒక దీపం లేదు. నేలమాళిగ తాళంచెవి మీకు కావాలి. ఒప్పందం మీద సంతకానికి ఏ రోజు కుదురుతుందో అడగాలి. చివర ఫోన్ చేస్తామని చెప్పాలి. ప్రతి వాక్యం కింద మీ తెలుగు వాక్యం రాయండి, ఇంగ్లిష్ ఎక్కడా వద్దు. నిఘంటువు చూడవచ్చు, కానీ 30 నిమిషాలు అయ్యాక మాత్రమే. తరవాత ఉత్తరంలోని ‘మీర్’లన్నీ ‘ఈర్’గా మార్చి, ఆమె గురించి చెబుతున్నట్టు పైకి చదవండి. ఏ క్రియలు మారాయో, ఏవి మారలేదో గుర్తు పెట్టండి.

దాంతోపాటు ఈ వాక్యం కూడా చూడండి: ‘ఇష్ గెఫాలె డేమ్ ఫెర్‌మీటర్’. ఫెర్‌మీటర్ అంటే ఇల్లు అద్దెకిచ్చేవాడు. ఇది తప్పా, ఒప్పా? ఒప్పయితే ఎవరికి ఎవరు నచ్చారు? జవాబు రాసే ముందు తెలుగులో ఒకసారి పైకి అనుకోండి.