చేతి లేజర్ కొంటున్నారా? పార్శిల్ విప్పగానే నొక్కకండి

2024 సెప్టెంబరులో కొల్హాపూర్ గణేశ్ ఊరేగింపుల్లో లేజర్ కాంతి పడి కళ్లు దెబ్బతిన్నాయని వార్తలొచ్చాయి. చవితి పందిళ్ల కోసం, సరదా కోసం మన కుర్రాళ్లు కూడా ఆన్‌లైన్‌లో లేజర్లు తెప్పిస్తున్నారు. పిల్లలకు రాత్రిపూట నక్షత్రాలు చూపించే పని నాది. అందుకే కొన్నవాళ్లు నన్ను అడుగుతుంటారు.

కంట్లోకి కొట్టకూడదని అందరికీ తెలుసు. కళ్లు పోగొట్టేది వేరే తప్పు: పార్శిల్ విప్పగానే, లేజర్ కాంతిని ఆపే కళ్లద్దాలు పెట్టుకోకుండా, ఇంట్లోనే "వెలుగుతుందా లేదా" అని ఒక్కసారి నొక్కి చూడటం.

ఇంటర్ చదివే ఒకబ్బాయి అలాగే వంటగది గుమ్మంలో నిలబడి నొక్కాడు. కాంతి స్టీలు డబ్బాల అర మీద పడి, ఒక మూత నుంచి తిరిగొచ్చి కంట్లో కొట్టింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. మర్నాడు పుస్తకం తెరిస్తే చుట్టూ ఉన్న అక్షరాలు కనబడుతున్నాయి, చూస్తున్న అక్షరం మాత్రం లేదు. రెటీనా మధ్యభాగం కాలింది. అలా కాలిన చోటు చాలాసార్లు మామూలుకు రాదు.

రెప్ప పడటానికి దాదాపు పావు సెకను పడుతుంది. 1 మిల్లీవాట్ లేజర్‌కు ఆ రెప్పే రక్ష. ఒక వాట్ నీలం లేజర్‌కు రెప్ప పడేలోపే పని అయిపోతుంది. కంటి కటకం ఆ కాంతిని దాదాపు లక్ష రెట్లు చిక్కబరిచి రెటీనా మీద వేస్తుంది.

కొనే ముందు

నక్షత్రాలు చూపించడానికి 5 మిల్లీవాట్లు చాలు. లేజర్లను ప్రమాదాన్ని బట్టి క్లాసులుగా విడదీస్తారు: 5 నుంచి 500 మిల్లీవాట్ల వరకు క్లాస్ 3బి, ఆపైన క్లాస్ 4. క్లాస్ 4లో గోడ మీద పడ్డ చుక్కను దగ్గర నుంచి చూసినా ప్రమాదమే. స్టిక్కర్‌ను నమ్మకండి. 2013లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 122 పాయింటర్లను పరీక్షిస్తే, ఆకుపచ్చవాటిలో దాదాపు 90 శాతం, ఎర్రవాటిలో 44 శాతం భద్రతా నిబంధనకు తగ్గట్టు లేవు. చాలా చవక ఆకుపచ్చ లేజర్ల లోపల పుట్టేది 808, 1064 నానోమీటర్ల పరారుణ కాంతి. దాన్నే ఆకుపచ్చగా మారుస్తారు. ఫిల్టర్ పెట్టకపోతే ఆ పరారుణం కూడా బయటికొస్తుంది. అది కంటికి కనబడదు, రెప్ప కూడా పడదు.

కళ్లద్దాలు

లేజర్ కంటే ముందు ఇవి ఇంటికి రావాలి. మీ లేజర్ తరంగదైర్ఘ్యం, కాంతిని ఎంత ఆపుతాయో చెప్పే ఓడీ అంకె వాటి మీద అచ్చయి ఉండాలి. ఓడీ 4 అంటే పదివేలలో ఒక వంతే లోపలికి వస్తుంది. 450 నానోమీటర్ల నీలానికి చేసినవి 532 నానోమీటర్ల ఆకుపచ్చను ఆపుతాయన్న నమ్మకం లేదు. ఆకుపచ్చకు పరారుణాన్ని కూడా ఆపేవి కావాలి. డబ్బాలో ఉచితంగా వచ్చే రంగు ప్లాస్టిక్‌ను పక్కన పడేయండి. చలువ కళ్లద్దాలు పనికిరావు.

ఇక మిగతావి:

గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ కళ్లద్దాలు ఉండాలి. లేనివాళ్లను బయటికి పంపండి.

అద్దం, టీవీ, ఫ్రిజ్, స్టీలు బీరువా, చేతి గడియారం, ఉంగరం: మెరిసేదేదీ ఎదుట ఉండకూడదు.

తాళంచెవి లేని క్లాస్ 4 కొనకండి. వాడనప్పుడు బ్యాటరీ తీసి విడిగా పెట్టండి.

విమానం వైపు వద్దు. శంషాబాద్ చుట్టుపక్కల అయితే ఆకాశం వైపే వద్దు. కాక్‌పిట్ అద్దం మీద ఆ వెలుగు పరుచుకుంటే దిగుతున్న పైలట్‌కు ముందున్నది కనబడదు.

బండ్ల మీద వద్దు. కుక్కలు, పిల్లుల మీద వద్దు.

రెక్సిన్, పీవీసీ కాల్చి చూడకండి, విషవాయువు వస్తుంది.

రీల్ తీయడానికి ఫోన్ కెమెరాలోకి కొట్టకండి, సెన్సర్ పోతుంది.

పిల్లల చేతికి ఇవ్వకండి. "ఒక్క నిమిషమే" అన్నా ఇవ్వకండి.

మళ్లీ చెబుతున్నా: కళ్లద్దాలు పెట్టుకోకముందు బటన్ మీద వేలు పెట్టొద్దు. ఒక్కసారి కూడా.

తగిలిందని అనుమానం వస్తే ఒక్కో కన్ను మూసి గోడ క్యాలెండర్ గళ్లు చూడండి. గీతలు వంకరపోయినా, మధ్యలో మచ్చ కనబడినా అదే రోజు రెటీనా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. గీతలు బాగానే ఉన్నా ఒకసారి చూపించుకోండి. మందుల షాపులో చుక్కలు కొనుక్కుని ఊరుకోకండి. వెళ్లేటప్పుడు లేజర్‌ను బ్యాటరీ తీసి వెంట తీసుకెళ్లండి, దాని రంగు, పవర్ డాక్టర్ అడుగుతారు.