ట్రియో 650ని ఈరోజుల్లో వాడుకోవడం ఎలా?

2004 చివర్లో పామ్‌వన్ కంపెనీ ట్రియో 650ని ప్రకటించినప్పుడు, జేబులో పట్టే కంప్యూటర్ ఫోన్ అంటే ఇదే. 320 × 320 టచ్ స్క్రీన్, దాని కింద చిన్న చిన్న బటన్ల కీబోర్డు, నెత్తిన యాంటెనా బొడిపె. ఐఫోన్ రావడానికి ఇంకా రెండేళ్ల పైనే ఉంది. పాత గ్యాడ్జెట్లు పోగేసేవాళ్ల దగ్గర ఈ ఫోన్ ఇప్పటికీ దొరుకుతుంది. స్మార్ట్‌ఫోన్ అనుకుని కొంటే మాత్రం వారంలో విసుగొస్తుంది. ఫోన్ చేయడం కూడా తెలిసిన డైరీ అనుకుంటే హాయిగా వాడుకోవచ్చు.

కొనేముందు

సిమ్ పెట్టే చోటు ఉందో లేదో చూడండి. లేకపోతే అది సీడీఎంఏ (సిమ్ లేకుండా నడిచే పాత నెట్‌వర్క్ పద్ధతి) మోడల్, మనకు పనికిరాదు. సిమ్‌తో నడిచే జీఎస్ఎం మోడల్ అయినా అమెరికా నెట్‌వర్క్‌కి లాక్ అయి ఉండొచ్చు కాబట్టి అన్‌లాక్ చేసిందే అడిగి తీసుకోండి. బ్యాటరీ ఊడదీసి బల్ల మీద పెట్టండి. అటూ ఇటూ ఊగుతుంటే ఉబ్బినట్టే, దాన్ని వాడొద్దు. ఊడదీయగల బ్యాటరీ కావడం మన అదృష్టం. ముందు వచ్చిన ట్రియో 600కి ఆ సౌకర్యం కూడా లేదు.

సిమ్, నెట్‌వర్క్

ఇది 2జీ ఫోన్. జియో సిమ్ పనిచేయదు, ఎందుకంటే జియోకి 2జీ లేనే లేదు. మీ ఏరియాలో 2జీ సిగ్నల్ ఇంకా ఇస్తున్న కంపెనీ సిమ్ కావాలి. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇది మరీ కష్టం. ఏటీ అండ్ టీ అయితే 2016 చివర్లోనే 2జీ ఆపేసింది. నానో సిమ్‌ని అడాప్టర్‌లో పెట్టి దూర్చేటప్పుడు వెనక చిన్న టేపు ముక్క అంటించండి. లేకపోతే తీసేటప్పుడు అడాప్టర్ బయటికొస్తుంది, సిమ్ లోపలే ఉండిపోతుంది.

డేటా ఆన్ చేసి పెట్టుకోవడం దండగ. ఇందులోని బ్లేజర్ బ్రౌజర్‌కి ఇప్పటి వెబ్‌సైట్ల భద్రతా పద్ధతులు తెలియవు, చాలా సైట్లు అసలు తెరుచుకోవు. మెయిల్‌దీ అదే కథ. పైగా డేటా నడుస్తున్నప్పుడు ఎవరైనా ఫోన్ చేస్తే కాల్ మనదాకా రాకపోవచ్చు. వాట్సాప్, యూపీఐ కోసం ఎలాగూ ఇంకో ఫోన్ ఉంచుకోవాలి. ఓటీపీ మెసేజ్‌లు మాత్రం దీనికి బాగానే వస్తాయి.

మెమరీ: అసలు తలనొప్పి ఇక్కడే

ట్రియో 600లో మీ నంబర్లు, అపాయింట్‌మెంట్లు అన్నీ ర్యామ్‌లో ఉండేవి. బ్యాటరీ పూర్తిగా అయిపోతే అంతా తుడిచిపెట్టుకుపోయేది. 650లో ఆ టెన్షన్ లేకుండా ఫ్లాష్ మెమరీ పెట్టారు. చార్జింగ్ లేక నెల రోజులు పడి ఉన్నా డేటా ఎక్కడికీ పోదు.

కానీ ఆ భద్రతకి బదులుగా చోటు పోయింది. వాడుకోవడానికి మిగిలేది సుమారు 23 ఎంబీ. దానికితోడు మొదట్లో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ఎంత చిన్న ఎంట్రీ అయినా 512 బైట్ల గడిని ఆక్రమించేది. పాత ఫోన్‌లో సరిపోయిన డేటా కొత్త ఫోన్‌లో పట్టలేదు. కొన్నవాళ్లు గోల చేస్తే కంపెనీ 128 ఎంబీ ఎస్‌డీ కార్డు ఉచితంగా ఇచ్చి సర్దిచెప్పింది, తర్వాత అప్‌డేట్ కూడా వదిలింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఫ్లాష్‌లో ఉన్న యాప్ అక్కడినుంచే నడవదు, ర్యామ్‌లో ఉండే ఒక చిన్న జాగాలోకి వచ్చి నడుస్తుంది. అటక మీది సామాను వంటగట్టు మీదికి దించుకున్నట్టు అన్నమాట. గట్టు సుమారు 10 ఎంబీ, అంతే. అది నిండితే ఒక యాప్‌నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు ఫోన్ ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. పాడైందని కంగారుపడి బటన్లన్నీ నొక్కకండి, కాస్త ఆగండి.

అందుకని ఇలా సర్దుకోండి:

1. 2 జీబీ లేదా అంతకన్నా చిన్న ఎస్‌డీ కార్డు తీసుకుని కంప్యూటర్‌లో ఎఫ్ఏటీ16 అనే పద్ధతిలో ఫార్మాట్ చేయండి.
2. కార్డులో పామ్ అనే ఫోల్డర్, దాని లోపల లాంచర్ అనే ఫోల్డర్ ఇంగ్లిష్ అక్షరాల్లో సృష్టించి, పీఆర్‌సీ ఫైళ్లు (పామ్ యాప్‌ల ఫైళ్లు) అందులో వేయండి. యాప్‌లు ఫోన్‌లో కనబడతాయి.
3. ఆటలు, డిక్షనరీల్లాంటివి కార్డు మీద ఉంచండి. తెరుచుకోవడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది, పర్వాలేదు.
4. అలారం మోగించాల్సిన యాప్‌లని మాత్రం ఫోన్‌లోనే ఉంచండి. కార్డు తీసిన రోజు అవి మూగబోతాయి.

ఈ పద్ధతిలో కంప్యూటర్‌తో సింక్ చేసే పని చాలావరకు తప్పుతుంది. అది తప్పడమే మంచిది, ఎందుకంటే 64 బిట్ విండోస్‌కి పామ్ కంపెనీ యూఎస్‌బీ డ్రైవర్ ఇవ్వలేదు. ఎక్స్‌పీ ఉన్న పాత లాప్‌టాప్ ఇంట్లో ఉంటే పారేయకండి.

పేర్లు ఎక్కించడం

ఈ ఫోన్‌లో నాకు బాగా నచ్చేది ఇదే. ఫోన్ స్క్రీన్ మీద మనిషి పేరులో మొదటి అక్షరం, వెంటనే ఇంటిపేరు అక్షరాలు ఒకటి రెండు కొడితే చాలు, నంబరు ముందుకొస్తుంది. మనకేమో పది మంది శ్రీనివాస్‌లు ఉంటారు. ఇంటిపేరుని ఒక్క అక్షరానికి కుదించకుండా చివరి పేరు గడిలో పూర్తిగా రాయండి. అప్పుడు ‘ఎస్’ తర్వాత ‘జీ’, ‘ఓ’ కొడితే గొల్లపూడి శ్రీనివాస్, ‘కే’, ‘ఓ’ కొడితే కొడాలి శ్రీనివాస్. స్టైలస్ బయటికి తీయకుండా బొటనవేళ్లతోనే పని అయిపోతుంది. ఇప్పటి ఫోన్లలో ఇంత చకచకా నంబరు దొరకడం నేను చూడలేదు.

తెలుగులో వచ్చిన మెసేజ్‌లు మాత్రం ఈ ఫోన్ చూపించలేదు. బంధువులకి ఇంగ్లిష్ అక్షరాల్లో రాయమని ముందే చెప్పి ఉంచండి.

చిన్నా చితకా

ఇయర్‌ఫోన్ రంధ్రం 2.5 మి.మీ.ది, మామూలువి పట్టవు, అడాప్టర్ కావాలి. నెత్తిన ఉన్న స్విచ్ పక్కకి జరిపితే మొత్తం శబ్దాలు ఆగిపోతాయి. గుళ్లోనో మీటింగ్‌లోనో ఉన్నప్పుడు జేబులో చెయ్యి పెట్టి తడిమితే చాలు. వైఫై లేదు. క్యాలెండర్ 2031 దాకానే ఉంది, తర్వాతి పెళ్లి ముహూర్తాలు గోడ క్యాలెండర్‌లో చూసుకోవాలి.

మొరాయించినప్పుడు

ఫోన్ బిగుసుకుపోయి ఎంతసేపటికీ కదలకపోతే బ్యాటరీ తీసి మళ్లీ పెట్టండి. కొత్తగా వేసిన యాప్ వల్ల ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ తిప్పలు పెడుతుంటే, మళ్లీ ఆన్ అయ్యేటప్పుడు నడిమి బటన్‌లో పై వైపు నొక్కి పట్టుకోండి. అదనపు యాప్‌లు జోక్యం చేసుకోకుండా తెరుచుకుంటుంది. అనుమానమున్న యాప్‌ని అప్పుడు తీసేయొచ్చు. దానికీ లొంగకపోతే ఎర్ర బటన్ నొక్కి పట్టుకుని బ్యాటరీ పెట్టండి. పామ్ గుర్తు కనబడ్డాక వదిలేసి, అడిగినప్పుడు నడిమి బటన్‌లో పై వైపు నొక్కి ఒప్పుకోండి. ఫోన్‌లో ఉన్నదంతా పోతుంది, కార్డు మీది బ్యాకప్ మిగులుతుంది. కాబట్టి బ్యాకప్ యాప్ ఒకటి వేసి, రోజూ రాత్రి ఫోన్‌ని చార్జింగ్‌లో పెట్టే టైముకి అది కార్డు మీదికి కాపీ చేసేలా సెట్ చేసుకోండి.