ముత్యపు పోగు అమ్మాయిని చూసి తైలవర్ణాల్లో ముఖం వేయడం

తైలవర్ణాలతో ముఖం వేయడం నేర్చుకునేవారు సాధారణంగా ఇంట్లోవాళ్ల ఫొటోతో మొదలుపెట్టి, పోలిక రాలేదన్న బెంగలో రంగు సంగతే మరచిపోతారు. పాత చిత్రానికి నకలు తీసేటప్పుడు ఆ బెంగ ఉండదు. ఏ నీడ ఎక్కడ ఆగాలో ఆ చిత్రకారుడు ముందే తేల్చి పెట్టాడు. నేను సూచించేది డచ్చి చిత్రకారుడు యోహానెస్ వెర్మీర్ 1665 ప్రాంతంలో వేసిన ‘ముత్యపు చెవిపోగు అమ్మాయి’. హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉన్న ఆ చిత్రం ఎత్తు 44.5 సెంటీమీటర్లు, వెడల్పు 39 సెంటీమీటర్లు మాత్రమే కనుక, మంచి ప్రింటును అదే కొలతలో తీయించుకుంటే స్కేలుతో నేరుగా కొలుచుకుంటూ వేయవచ్చు. వీలైతే ముందు ఒకసారి హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లి తైలవర్ణ చిత్రాలను పక్కనుంచి చూడండి. రంగు ఎక్కడ పలుచగా, ఎక్కడ మందంగా ఉంటుందో ప్రింటులో తెలియదు.

రంగులు ఏడు చాలు: టైటానియం వైట్, ఎల్లో ఆకర్, వర్మిలియన్, క్రిమ్సన్, బర్న్ట్ అంబర్, అల్ట్రామెరీన్, ఐవరీ బ్లాక్. నూనె మాత్రం చిత్రకారుల కోసం శుద్ధి చేసిన లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) అయి ఉండాలి. నల్లగొండలో మొదట్లో నేను తలుపులకు పూసే నూనెనే వాడాను. ఏడాది తిరక్కుండానే నేను వేసిన బొమ్మలో తలపాగా తెలుపంతా పసుపెక్కింది.

క్యాన్వాస్‌పై బర్న్ట్ అంబర్‌ను టర్పెంటైన్‌తో పలుచన చేసి పూసి, ఆరాక గళ్లు గీసుకుని బొమ్మను దించాలి. తర్వాత అంబర్, తెలుపుతోనే ముఖమంతా వెలుగునీడల్లో పూర్తిచేయాలి. ఈ మెట్టు దాటవేసినవారి బొమ్మలో చర్మం రంగు ఎంత బాగున్నా ముఖం అట్టముక్కలాగే ఉంటుంది.

అసలు కష్టం అంచుల దగ్గర ఉంది. ఆ అమ్మాయి ముక్కును గమనిస్తే, ముక్కు దూలానికీ అవతలి చెంపకూ మధ్య గీతే ఉండదు. రెండూ ఒకే వెలుగులో కలిసిపోతాయి. మన చెయ్యి మాత్రం అక్కడ గీత గీయడానికే తొందరపడుతుంది, ఎందుకంటే ముక్కు ఉందని మనకు తెలుసు. పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనుక గోడపై పడే నీడను తదేకంగా చూసినవారికి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేలు పెట్టి చూపడం కష్టం. మెడ వైపు జారే నీడను అలాగే వేయాలి: రంగు తడిగా ఉండగానే పొడి బ్రష్‌తో రెండు రంగుల సరిహద్దును తేలికగా రెండుసార్లు నిమిరి, అక్కడితో ఆపేయాలి, మూడోసారి నిమిరితే అంతా బూడిదరంగుకు తిరుగుతుంది.

పై పూతల్లో నూనెను క్రమంగా పెంచుతూ పోవాలి. తైలవర్ణం ఆరేది నీరు ఆవిరైనట్టు కాదు, నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడడం వల్ల. కింది పూతలో నూనె ఎక్కువైతే అది ఆరకముందే పైది బిగుసుకుని తర్వాత పగుళ్లు తీస్తుంది. మన మే నెల ఎండలకు పూత త్వరగా ఆరుతుంది కానీ, దుమ్ము కూడా అంతే త్వరగా అంటుకుంటుంది కనుక చిత్రాన్ని గోడవైపు తిప్పి ఉంచండి. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది, విప్పి ఆరేయాలి.

ముత్యాన్ని చివరికి ఉంచుకోండి. పైన ఎడమవైపు మందంగా ఒక తెల్లని చుక్క, కింద తెల్ల కాలరు ప్రతిఫలించే మసక మెరుపు. మిగతాదంతా మెడ నీడే. చెవికి తగిలించే కొక్కెం వెర్మీర్ వేయలేదు, మీరూ వేయకండి.