ముప్పై దాటాక ఎలక్ట్రీషియన్ ట్రేడులోకి: ఓపెన్ టెన్త్ నుంచి మొదలుపెట్టేవాళ్లకు

ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో బడి మానేసి, పదిహేనేళ్లు కూలికో షాపు పనికో వెళ్లినవాళ్లు మళ్లీ చదవాలనుకున్నప్పుడు ఎక్కువగా ఒకటే అనుకుంటారు: ముందు ఏదో ఒక సర్టిఫికెట్ చేతికి రానీ, మిగతాది తర్వాత చూసుకుందాం అని. ఏళ్లు వృథా అయ్యేది అక్కడే. ఏ పనిలోకి వెళ్లాలో ముందు తేల్చుకోవాలి. ఆ పనికి ఏ కాగితం అడుగుతారో చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలి.

ఎలక్ట్రీషియన్ పనికి ఆ లెక్క ఇలా ఉంటుంది. ఐటీఐలో ఈ ట్రేడు రెండేళ్లు. చేరాలంటే గణితం, సైన్సు సబ్జెక్టులతో పదో తరగతి పాసై ఉండాలి. కనీస వయసు 14 ఏళ్లు, గరిష్ఠ వయసు అంటూ లేదు. అందుకే నలభై ఏళ్ల మనిషి అప్లికేషన్ పెట్టినా తప్పేమీ లేదు. పది వద్దనుకుంటే వైర్‌మన్ ట్రేడు ఉంది. అదీ రెండేళ్లే, ఎనిమిది పాసైతే చాలు. వెల్డర్‌కు కూడా ఎనిమిది చాలు, అది ఏడాదిలో అయిపోతుంది. అయినా పది పూర్తి చేయమనే మా సలహా. కారణం చివర్లో గల్ఫ్ దగ్గర తెలుస్తుంది.

ఓపెన్ టెన్త్‌లో సబ్జెక్టులు

తెలంగాణ ఓపెన్ స్కూల్, ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్, కేంద్రం నడిపే ఎన్‌ఐఓఎస్: ఈ మూడింటిలో దేని పది అయినా పనికొస్తుంది. పది పాసవడానికి అయిదు సబ్జెక్టులు కావాలి. అసలు చిక్కు సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడే వస్తుంది. స్టడీ సెంటర్లో ఎవరో ఒకరు "లెక్కలు ఎందుకు, హోం సైన్స్ పెట్టుకోండి, సులువుగా పాసవుతారు" అంటారు. పాసయ్యే మాట నిజమే. కానీ ఆ మెమోతో ఎలక్ట్రీషియన్ సీటు రాదు. ఫారం నింపేటప్పుడే గణితం, సైన్సు ఉన్నాయో లేదో చూసుకోండి. ఎన్‌ఐఓఎస్‌లో గణితం కోడు 211, సైన్సు కోడు 212.

ఎన్‌ఐఓఎస్‌లో ఒకసారి చేరితే రిజిస్ట్రేషన్ అయిదేళ్లు చెల్లుతుంది, పరీక్షలు రాయడానికి తొమ్మిది అవకాశాలు ఉంటాయి. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు: ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్. పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. కాబట్టి అయిదూ ఒకేసారి నెత్తిన వేసుకోవద్దు. మొదటి విడతలో తెలుగు, సోషల్‌తో పాటు ఇంకొకటి రాసి, లెక్కలు, సైన్సు రెండో విడతకు ఉంచుకుంటే పని చేసుకుంటూ చదివేవాళ్లకు ఊపిరాడుతుంది. ప్రతి సబ్జెక్టులో 33 శాతం రావాలి. ప్రాక్టికల్ ఉన్నచోట థియరీ, ప్రాక్టికల్ విడివిడిగా పాసవ్వాలి. ఇంట్లో రాసి ఇచ్చే అసైన్‌మెంట్లకు 20 శాతం వెయిటేజీ ఉంటుంది. చాలామంది దీన్ని వదిలేసి నాలుగైదు మార్కుల తేడాతో తప్పుతారు.

ఆఖరి సబ్జెక్టు ఎప్పుడు రాయాలన్నదీ ముఖ్యమే. ఐటీఐ అడ్మిషన్లు మామూలుగా వేసవిలో రెగ్యులర్ టెన్త్ ఫలితాల తర్వాత మొదలవుతాయి. ఏప్రిల్-మేలో రాస్తే ఫలితం వచ్చేలోపు మొదటి విడత సీట్లు, అందులో ముందు నిండిపోయే ఎలక్ట్రీషియన్ సీట్లు, అయిపోవచ్చు. అంతకుముందు అక్టోబర్‌లోనే ముగించేలా చూసుకుంటే మెమో ముందే చేతిలో ఉంటుంది.

మెమోలో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉన్నా తర్వాత ఐటీఐ సర్టిఫికెట్లో, పాస్‌పోర్టులో తలనొప్పే. అందుకే ఓపెన్ స్కూల్ ఫారం పెట్టకముందే ఆధార్ సరిచేయించుకోండి. తర్వాత దిద్దించాలంటే రెండు ఆఫీసుల చుట్టూ తిరగాలి.

లెక్కలంటే భయపడేవాళ్లకు ఒక మాట. ట్రేడులో రోజూ వాడేది శాతాలు, యూనిట్ల మార్పిడి, ఓమ్ సూత్రం, పవర్ లెక్క. 2000 వాట్ల గీజర్‌ను 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 8.7 ఆంపియర్లు వస్తాయి. 6 ఆంపియర్ల సాకెట్లో పెడితే అది వేడెక్కి కరిగిపోవచ్చు, 16 ఆంపియర్లది కావాలి. ఈ మాత్రం లెక్క చేతికొస్తే సగం థియరీ అర్థమైనట్టే.

ఐటీఐ ఎంచుకునేటప్పుడు

సీటు తీసుకునేముందు వర్క్‌షాపు చూపించమని అడగండి. త్రీఫేజ్ మోటార్లు ఉన్నాయా, వాటిని విప్పి వైండింగ్ చేయిస్తున్నారా, వైర్ల ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ పనిచేస్తోందా, వైరింగ్ బోర్డుల మీద స్క్రూలు బిగించి విప్పిన గుర్తులున్నాయా చూడండి. బోర్డులు కొత్తగా మెరిసిపోతుంటే అక్కడ ఎవరూ ముట్టుకోవడం లేదని అర్థం. "హాజరు అక్కర్లేదు, పరీక్షకు వస్తే చాలు" అనే చోట చేరకండి. ఐటీఐ పరీక్ష అయిన ఆలిండియా ట్రేడ్ టెస్ట్ రాయాలంటే 80 శాతం హాజరు ఉండాలి. అదీకాక, పని రాని సర్టిఫికెట్ సంగతి, ఉద్యోగంలో పెట్టుకునేముందు పని చేయించి చూసే మొదటి ట్రయల్ రోజే తేలిపోతుంది.

ఆ ట్రయల్‌లో మామూలుగా ఇచ్చేది మెట్ల దగ్గరి లైటు: ఒక బల్బు, కిందొకటి పైనొకటి రెండు టూవే స్విచ్‌లు. ఫేజ్, అంటే కరెంటు తెచ్చే వైరు, మొదటి స్విచ్‌లోని కామన్ అనే టెర్మినల్‌కు రావాలి, రెండు స్విచ్‌ల మధ్య రెండు వైర్లు వెళ్లాలి, రెండో స్విచ్ కామన్ నుంచి బల్బుకు, న్యూట్రల్ నేరుగా బల్బుకు. తొందరలో కొందరు స్విచ్‌ల దారిలో న్యూట్రల్‌ను పంపుతారు. బల్బు వెలుగుతుంది, ఆరుతుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ ఆఫ్ చేసినా హోల్డర్లో ఫేజ్ అలాగే ఉంటుంది. బల్బు మార్చబోయినవాడికి షాక్ కొడుతుంది. ట్రయల్ తీసుకునే సూపర్‌వైజర్ స్విచ్ ఆఫ్ చేసి హోల్డర్లో టెస్టర్ పెట్టేది దీన్ని పట్టుకోవడానికే.

రెండేళ్లు పగలంతా క్లాసుకు వెళ్తే ఇల్లెలా గడుస్తుందన్నది న్యాయమైన ప్రశ్న. కొన్ని ఐటీఐల్లో రెండో షిఫ్టు ఉంటుంది, కనుక్కోండి. అదీ కుదరకపోతే బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో, అంటే ఆర్‌సెటీల్లో, భోజనం, వసతితో ఉచితంగా నెలరోజుల పొట్టి కోర్సులు ఉంటాయి. ఇప్పటికే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నవాళ్లయితే కేంద్రం నైపుణ్య శిక్షణ పథకం పీఎంకేవీవై కింద, ఉన్న పనితనాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ విధానం ఉంది. ఇవి చేతిపనికి ఆసరా అవుతాయి తప్ప ఐటీఐతో సమానం కావు. నోటిఫికేషన్లో ఐటీఐ అని ఉంటే వీటితో అప్లై చేయలేరు. చేతివృత్తులవాళ్ల కోసం ఉన్న కేంద్ర పథకం పీఎం విశ్వకర్మలో 15,000 రూపాయల టూల్‌కిట్ ఇస్తారని విని వచ్చే ఎలక్ట్రీషియన్లు చాలామంది. ఆ పథకంలోని 18 వృత్తుల్లో ఎలక్ట్రీషియన్ లేదు. దర్జీ, తాపీ మేస్త్రీ, వడ్రంగి, మంగలి, చాకలి లాంటివి ఉన్నాయి.

ఉద్యోగం ఎక్కడ

రైల్వే అప్రెంటిస్ మీద ఆశ పెట్టుకోకండి. దానికి సాధారణ వయసు పరిమితి 24 ఏళ్లు, రిజర్వేషన్ సడలింపులు వేరు. మిగతా సర్కారు పోస్టులకు పాత నోటిఫికేషన్ ఒకటి తీసి వయసు గడి చూసుకోండి. ముప్పై దాటినవాళ్లకు నిజంగా పని దొరికేది ఫ్యాక్టరీ మెయింటెనెన్స్, ఆసుపత్రులు, పెద్ద అపార్ట్‌మెంట్లు, కాంట్రాక్టర్ల దగ్గర. కాంట్రాక్టర్ దగ్గర పైకి ఎదగాలంటే ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ కావాలి. ఐటీఐ అవగానే దాని సంగతి చూసుకోండి.

జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ వైపు చాలామంది చూపు గల్ఫ్ మీదే. పది పాసవ్వనివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది, అంటే గల్ఫ్‌కు పనికి వెళ్లేముందు ప్రభుత్వ క్లియరెన్స్ తీసుకోవాలి. పది మెమో పెట్టి మళ్లీ ఇష్యూ చేయించుకుంటే ఆ ముద్ర తీసేస్తారు, ఆ ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరం ఉండదు. ఓపెన్ టెన్త్ మెమో ఇక్కడా పనికొస్తుంది. హెల్పర్‌గా వెళ్లేవాడికీ, ఐటీఐతో ఎలక్ట్రీషియన్‌గా వెళ్లేవాడికీ జీతంలో తేడా అగ్రిమెంటులోనే కనిపిస్తుంది. తెలంగాణవాళ్లు ముందు విదేశీ ఉద్యోగాలు చూపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. ప్రైవేటు ఏజెంటైతే లైసెన్సు నంబరు అడిగి కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో సరిచూడండి. వీసాలో హోదా ఎలక్ట్రీషియన్ అని ఉందో లేదో చదివాకే డబ్బు కట్టండి. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామంటే పాస్‌పోర్టు వెనక్కి తీసుకుని వచ్చేయండి.