కాప్టిక్ ‘షేయి’ని కంప్యూటర్లో సరిగ్గా కొట్టడం ఎట్లా

కడపలో ఏడు రోడ్ల దగ్గర నాది డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, సీజన్లో థీసిస్‌లు. పోయినేడాది ఒక రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్ గారు ఈజిప్టు క్రైస్తవ మఠాల మీద రాసిన చిన్న పుస్తకం తెచ్చారు. అందులో షెనూటే అనే మఠాధిపతి పేరు ఒక్కచోట కాప్టిక్ లిపిలో, అంటే ఈజిప్టు క్రైస్తవుల పాత భాష లిపిలో, రావాలి. ఏడే అక్షరాలు. మొదటిది షేయి: మూడు కొమ్మలు, కింద చిన్న తోక. పలికేది మన ‘ష’నే.

ఏదో పాత కాప్టిక్ ఫాంట్ దొరికితే ఎక్కించాను. డబ్ల్యూ కీ నొక్కితే షేయి బొమ్మ పడింది. ప్రూఫ్ బ్రహ్మాండంగా వచ్చింది. ఫైల్ మెయిల్ చేశానో లేదో సారు ఫోన్: “ఏం అబ్బీ, కాప్టిక్ అడిగితే ఇంగ్లీషు డబ్ల్యూ పెట్టినావే?” అను అనే తెలుగు డీటీపీ ఫాంట్లలో కొట్టిన ఫైలు అను లేని కంప్యూటర్లో ఏమవుతుందో ఇరవై ఏళ్లుగా చూస్తున్నవాణ్ణి. అయినా పడ్డాను. ఆ ఫాంట్లో ఉన్నది షేయి వేషం కట్టిన డబ్ల్యూ.

అన్ని లిపుల అక్షరాలకూ తలా ఒక నంబరిచ్చే పద్ధతి యూనికోడ్. అందులో షేయికి సొంత నంబర్లున్నాయి. పెద్దక్షరం 994, చిన్నక్షరం 995. వర్డ్‌లో ఈ నంబరు పదహారు లెక్కలో (హెక్సాడెసిమల్) కావాలి కాబట్టి, కీబోర్డు ఇంగ్లీషులో పెట్టుకుని సున్నా, మూడు, ఇంగ్లీషు ఈ, మూడు కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కండి. చిన్న షేయి వస్తుంది. దాని ముందు వేరే అంకె ఆనుకుని ఉంటే వర్డ్ దాన్నీ కలుపుకుని ఇంకేదో చూపిస్తుంది. ఒక స్పేస్ ఇచ్చి కొట్టి, తర్వాత తీసేయండి. వెబ్‌పేజీ అయితే ϣ చాలు.

మిగతా అక్షరాలు పక్కనే ఉంటాయనుకోకండి. నేను వెతికి వెతికి విసిగిపోయాను. కాప్టిక్‌లో ఎక్కువ అక్షరాలు గ్రీకు నుంచి వచ్చినవే. అందుకని మొదట్లో యూనికోడ్ వాళ్లు వాటిని గ్రీకుతో కలిపేసి, ఈజిప్టు డెమోటిక్ రాత నుంచి వచ్చిన షేయి లాంటి ఏడింటికి మాత్రం 994 నుంచి 1007 దాకా చోటిచ్చారు. 2005లో, 4.1 వెర్షన్లో, కాప్టిక్‌కు వేరు కాపురం పెట్టారు. ఒకసారి ఇచ్చిన నంబరు మార్చరు కాబట్టి ఆ ఏడూ పాత ఇంట్లోనే ఉండిపోయాయి. అందుకే షెనూటే పేరులో షేయి 995, దాని పక్కనున్న ‘ఎ’ 11401! కాప్టిక్ ఆల్ఫా కూడా 11393. చూడ్డానికి ఒకటేలా ఉందని గ్రీకు ఆల్ఫా 945 పెట్టొద్దు.

నంబరు సరిగ్గా ఉన్నా డబ్బా కనిపిస్తే కంగారు పడకండి, ఫాంట్‌లో ఆ అక్షరం లేదంతే. నోటో సాన్స్ కాప్టిక్ ఉచితంగా దొరుకుతుంది. విండోస్ 10లో సెగో యూఐ హిస్టారిక్ కూడా పనిచేస్తుంది. రెండు చుక్కల పెద్ద ‘ఐ’, పక్కన పౌండు గుర్తు పడితే మాత్రం ఫాంట్లు మార్చి లాభం లేదు. యూనికోడ్ నంబర్లను ఫైల్లో బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో చిన్న షేయి రెండు బైట్లు, 207, 163. పాత విండోస్ ఎన్‌కోడింగ్ వాటిని రెండు వేరే అక్షరాలుగా చదివితే ఆ జంట వస్తుంది. ఫైలును యూటీఎఫ్-8గా మళ్లీ తెరవండి.

ప్రెస్సుకు పంపేముందు నేనిప్పుడు చేసే పని ఒకటుంది. వర్డ్‌లో కర్సర్‌ను షేయి వెనక పెట్టి మళ్లీ ఆల్ట్ ఎక్స్ నొక్కుతాను. అక్షరం పోయి దాని నంబరు బయటపడుతుంది. చివర 77 ఉంటే అది డబ్ల్యూనే. 0448 అంటే చూపుకు మోసం చేసే రష్యన్ ‘ష’. ఇంకోసారి నొక్కితే అక్షరం తిరిగొస్తుంది. తర్వాత ఫాంట్ ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ తీసి, అందులోంచి ఆ పేరును కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూస్తాను. సారు పుస్తకం రెండో ప్రూఫ్‌కు ఏడక్షరాలూ ఏడుగానే దిగాయి.