పెరుగు బ్యాక్టీరియా నుంచి ప్రొటీన్-చక్కెర సముదాయాన్ని వేరుచేసి పరీక్షించే విధానం

నల్లగొండ, పాలమూరు కళాశాలల్లో మైక్రోబయాలజీ చదివే విద్యార్థులు ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకు ఈ అంశాన్ని తీసుకుంటే, ఇంట్లో తోడువేసిన పెరుగుతోనే పని మొదలుపెట్టవచ్చు. ఈ సముదాయం రోగనిరోధక కణాలను ఉత్తేజపరిచి, వాటి ద్వారా క్యాన్సర్ కణాలపై ప్రభావం చూపుతుందా అన్నదే ఇక్కడ ప్రశ్న. పలుచన చేసిన పెరుగును లాక్టోబాసిల్లస్‌ను పెంచే ఎంఆర్‌ఎస్ అగార్‌పై పరచి, గ్రామ్ పాజిటివ్‌గా (గ్రామ్ రంగుకు ఊదాగా), కాటలేజ్ నెగటివ్‌గా (హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో బుడగలు రాకుండా) తేలిన లాక్టోబాసిల్లస్ కాలనీని ఎంచుకోండి.

ద్రవ మాధ్యమంలో 37 డిగ్రీల వద్ద 24 నుంచి 48 గంటలు పెంచాక, సెంట్రిఫ్యూజ్‌లో కణాలను తొలగించి, పైతేటకు రెండింతల చల్లని ఇథనాల్ కలిపి రాత్రంతా 4 డిగ్రీల వద్ద ఉంచండి. అడుగున దిగిన పదార్థాన్ని నీటిలో కరిగించి, 12–14 కిలోడాల్టన్ల కంటే చిన్న అణువులను బయటికి వదిలే సంచిలో రెండు రోజులు డయాలిసిస్ చేయండి. బ్యాక్టీరియా వేయని మాధ్యమాన్ని కూడా ఇదే క్రమంలో చివరిదాకా నడపాలి. ఎంఆర్‌ఎస్‌లోని ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ నుంచి వచ్చే మన్నన్ అనే చక్కెర కూడా ఇథనాల్‌కు దిగుతుంది కనుక, ఈ పోలిక లేని ఫలితాన్ని నేను నమ్మను.

చక్కెరను ఫినాల్-సల్ఫ్యూరిక్ ఆమ్ల పద్ధతిలో 490 నానోమీటర్ల వద్ద, ప్రొటీన్‌ను బ్రాడ్‌ఫర్డ్ పద్ధతిలో 595 వద్ద కొలవండి. ఆ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి చేతితొడుగులు తప్పనిసరి. అయితే రెండూ ఒకే గొట్టంలో కనిపించినంత మాత్రాన అవి పరస్పరం బంధితమైనట్లు కాదు. అణువులను పరిమాణం ప్రకారం విడదీసే జెల్ కాలమ్‌లో, బలహీనమైన అతుకును ఊడదీసే ఒక మోలార్ ఉప్పు ద్రావణంతో నడిపినప్పుడు కూడా రెండూ ఒకే భాగాల్లో దిగాలి. ఎస్‌డీఎస్ జెల్‌పై ప్రొటీన్‌కు అంటే కూమాసీ నీలానికీ, చక్కెరకు అంటే పీఏఎస్ గులాబీ రంగుకూ ఒకే పట్టీ స్పందిస్తే ఆ వాదన బలపడుతుంది.

అసలు చిక్కు ఎండోటాక్సిన్, అంటే గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా పైపొరలో ఉండి, రోగనిరోధక కణాలను తానే ఉత్తేజపరిచే పదార్థం. 1943లో షియర్, టర్నర్ అనే శాస్త్రవేత్తలు సెర్రేషియా మార్సెసెన్స్ అనే బ్యాక్టీరియా నుంచి వేరుచేసిన, ఎలుకల కణితుల్లో రక్తస్రావం కలిగించిన పదార్థం ఆ కోవకే చెందుతుంది. లాక్టోబాసిల్లస్‌లో అది ఉండదు గానీ, డబ్బాలో నిల్వ ఉన్న డిస్టిల్డ్ వాటర్ నుంచీ గాజుసామాను నుంచీ చేరుతుంది. ఆటోక్లేవ్‌కు లొంగదు, పొడి వేడిలో 250 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఉంచితేనే నశిస్తుంది. అందుచేత గాజుసామాను అలా కాల్చి, నమూనాను ఎండోటాక్సిన్‌ను పట్టిచూపే లిములస్ పరీక్షకు పెట్టిన తరువాతే, ఆర్‌ఏడబ్ల్యూ 264.7 అనే ఎలుక మాక్రోఫేజ్‌లకు (రోగనిరోధక కణాలకు) ఇచ్చి, అవి ఉత్తేజితమైతే వెలువడే నైట్రైట్‌ను గ్రీస్ పద్ధతిలో కొలవండి. ఎండోటాక్సిన్‌ను పట్టి నిర్వీర్యం చేసే పాలిమిక్సిన్-బి కలిపినప్పుడు ఆ ఉత్తేజం పోతే, కారణం మీ సముదాయం కాదు, ఎండోటాక్సిన్.

నమూనాను నేరుగా క్యాన్సర్ కణాలపై వేసి, కణాలు బతికున్నాయో లేదో చూపే ఎంటీటీ పరీక్షలో మరణం కనిపించకపోయినా నిరాశ పడనక్కర లేదు. మూత్రాశయ క్యాన్సర్‌కు 1976 నుంచి వాడుకలోకి వచ్చిన బీసీజీ (క్షయ టీకా బ్యాక్టీరియా) చికిత్స ప్రధానంగా రోగి రోగనిరోధక కణాలను కదిలించడం ద్వారానే పనిచేస్తుంది. కాబట్టి నమూనాతో ఉత్తేజితమైన మాక్రోఫేజ్‌ల ద్రవాన్ని క్యాన్సర్ కణాలపై వేసి, ఉత్తేజం లేని మాక్రోఫేజ్‌ల ద్రవంతో పోల్చి చూడండి.