బెత్తం పక్కన పెట్టాక ఏం చేయాలి? టీచర్ల ద్వారా అహింసను బడిలోకి తేవడం ఎలా

అక్టోబర్ 2 వస్తే విశాఖలో ఏ బడి చూసినా ఒకటే తంతు. గాంధీ ఫొటోకి దండ, వ్యాసరచన పోటీ, గేటు మీద ‘అహింసా పరమో ధర్మః’ అని ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీ కిందే లైనులో కదిలిన పిల్లాడి పిక్క మీద పీఈటీ సారు కర్ర పడుతుంది. ఐక్యరాజ్యసమితి 2007లో ఆ తేదీని అంతర్జాతీయ అహింసా దినంగా ప్రకటించిందని మైకులో చదువుతారు కూడా. మర్నాటి నుంచి అంతా మామూలే.

గాజువాక నుంచి భీమిలి దాకా స్కూళ్లలో టీచర్లతో కూర్చుని, కొట్టకుండా తిట్టకుండా బడి నడపడం నేర్పే పని చేస్తుంటాను. ఎక్కడ చెడగొడతారో చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నాను. మీరు హెచ్ఎం కావచ్చు, సీనియర్ టీచర్ కావచ్చు, బయటి నుంచి వెళ్లే వలంటీర్ కావచ్చు. ఈ వరుసలోనే చేయండి.

కావలసినవి

చాపలు, ఒక నోట్‌బుక్కు, గుప్పిట్లో ఇమిడే గవ్వ ఒకటి. గవ్వ సంగతి తర్వాత చెప్తాను. ప్రొజెక్టర్ వద్దు. లైట్లు ఆర్పగానే సగం మంది ఫోన్లు తీస్తారు. శనివారం మధ్యాహ్నం మీటింగు పెట్టకండి, అందరి మనసూ బస్సు మీదే ఉంటుంది. టీ ముందే ఇచ్చేయండి.

ముందు హెచ్ఎంతో మాట్లాడండి

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ రెండింటినీ నిషేధించింది. ఈ మాట హెచ్ఎం గదిలో చెప్పండి. స్టాఫ్‌రూంలో మొదటి రోజే చెప్పారంటే టీచర్లు మీకు ఎదురు మాట్లాడరు, తలలూపుతారు, బెత్తాన్ని బల్ల మీద నుంచి తీసి బీరువాలో పెడతారు. అవసరమైనప్పుడు బీరువా తాళం ఎలాగూ వాళ్ల దగ్గరే ఉంటుంది.

స్టాఫ్‌రూంలో మొదటి గంట

టీచర్లకు ఉపన్యాసం ఇవ్వకండి. చిన్నప్పుడు వాళ్లు తిన్న శిక్షలు చెప్పమనండి. గోడకుర్చీ, తొడపాశం, వేళ్ల మధ్య పెన్సిల్ పెట్టి నొక్కడం, ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టడం... నవ్వుతూనే మొదలవుతుంది. ఎవరో ఒకరు ‘దండం దశగుణం భవేత్’ అంటారు. ఇంకొకరు ‘ఆ దెబ్బల వల్లే ఈ ఉద్యోగం వచ్చింది’ అంటారు. వాదించకండి. ‘ఆ దెబ్బ తిన్న రోజు సారు చెబుతున్న పాఠం ఏమిటండీ?’ అని మాత్రం అడగండి. సారు పేరు గుర్తుంటుంది, ఏ చేత్తో కొట్టారో గుర్తుంటుంది. పాఠం గుర్తున్నవాళ్లు అరుదు.

తర్వాత చెయ్యి ఎత్తకుండా వేసే శిక్షల జాబితా రాయించండి. అందరి ముందూ మార్కులు చదవడం, మారుపేర్లు, ‘మీ ఇంట్లో అంతేనా’ అనడం. మన ప్రాంతంలో ఈ జాబితాకి తలమానికం యాసను వెక్కిరించడం. ‘ఏటి సార్, మళ్లీ చెప్పండి’ అని డౌటు అడిగిన పిల్లాడి గొంతును టీచరే అనుకరించి క్లాసును నవ్విస్తే, ఆ ఏడాదంతా వాడు మళ్లీ చెయ్యెత్తడు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి మల్కాపురం, ఆరిలోవ వైపు స్థిరపడ్డ కుటుంబాల పిల్లలు ఇది రోజూ పడుతుంటారు. దీన్ని హింస లెక్కలో వేయడానికి టీచర్లు మొదట ఒప్పుకోరు. జాబితాలోంచి మాత్రం తీసేయకండి.

మాట తీరు మార్చే అభ్యాసం

ఇది తేలిక. అమెరికన్ మనస్తత్వవేత్త మార్షల్ రోజెన్‌బర్గ్ చెప్పిన నాలుగు మెట్లు చాలు: చూసింది చెప్పు, నీకు అనిపించింది చెప్పు, నీకు ఏం కావాలో చెప్పు, ఆపైన అడుగు. ‘నువ్వెప్పుడూ అల్లరే’ అనకుండా, ‘నేను బోర్డు మీద లెక్క వేస్తుంటే రెండుసార్లు లేచి వెళ్లావు. నాకు చిరాకొచ్చింది. లెక్క పూర్తయ్యేదాకా క్లాసు నిశ్శబ్దంగా ఉండాలి. ఐదు నిమిషాలు కూర్చోగలవా?’ అనాలి. జంటలుగా కూర్చోబెట్టి పలికించండి. సిగ్గుపడతారు, నవ్వుతారు, వస్తుంది. థియరీ ఇంతకుమించి చెప్పకండి.

‘మాట్లాడినవాళ్ల పేర్లు’ బోర్డు మీద లీడర్ చేత రాయించే అలవాటును ఈ రోజే మాన్పించాలి. కొందరు దీన్ని క్రమశిక్షణ అంటారు, నేను ఒప్పుకోను. పదేళ్ల పిల్లకి చాక్‌పీస్ ఇచ్చి పోలీసును చేయడం అది. తన స్నేహితురాలి పేరు రాయదు, తనకి పెన్ను ఇవ్వనివాడి పేరు రెండుసార్లు రాస్తుంది. స్టార్ స్టిక్కర్లు, పాయింట్ల కార్డులు కూడా ఇదే కోవ. ఉదయం పది నిమిషాలు కళ్లు మూసుకోబెట్టే కార్యక్రమాలకి నేను వ్యతిరేకం కాదు కానీ, కళ్లు తెరిచాక టీచరు ఎలా మాట్లాడతారన్నదే అసలు విషయం.

వారానికోసారి గుండ్రంగా

వారానికి ఒక పీరియడ్, చాపల మీద గుండ్రంగా కూర్చోవాలి. టీచరు కూడా చాప మీదే, కుర్చీలో కాదు. గవ్వ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడతారు. మాట్లాడాలని లేకపోతే పక్కవాళ్లకి ఇచ్చేయొచ్చు. బంతి పెడితే విసురుకుంటారు, చాక్‌పీస్ విరగ్గొడతారు. డస్టర్ అసలే వద్దు, చాలా క్లాసుల్లో అది గాల్లో ఎగిరిన వస్తువు. ఆర్కే బీచ్‌లో దొరికే గవ్వ చాలు. మొదటి వారాల్లో తేలిక ప్రశ్నలే అడగండి: ఈ వారం నీకు ఎవరు సాయం చేశారు, లాంటివి. గొడవల ప్రస్తావన అప్పుడే తేకండి.

అసలు కష్టమైన చోటు: గొడవ జరిగిన తర్వాత

ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. పాడయ్యేది ఇక్కడే. కాబట్టి నెమ్మదిగా చదవండి.

ఎనిమిదో తరగతి. మధ్యాహ్న భోజనం లైనులో ఇద్దరు కొట్టుకున్నారు. ఒకడి చొక్కా జేబు కుట్టు ఊడి వేలాడుతోంది, రెండోవాడి పెదవి చిట్లింది. ప్లేటు నేల మీద బోర్లా పడింది, పప్పు వాడి చెప్పు మీద. శిక్షణ తీసుకున్న టీచరు వస్తారు. బెత్తం లేదు కాబట్టి ‘సారీ చెప్పుకోండి, షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి’ అంటారు. ఇద్దరూ నేల చూపులు చూస్తూ చేతులు తగిలిస్తారు. టీచరు తృప్తిగా స్టాఫ్‌రూంకి వెళ్తారు. సాయంత్రం లాంగ్ బెల్ కొట్టాక గేటు బయట రెండో రౌండు మొదలవుతుంది, ఈసారి అన్నదమ్ముల్ని తెచ్చుకుని. బలవంతపు సారీ కూడా శిక్షే. అది చెప్పినవాడికి అవమానం, విన్నవాడికి అబద్ధం.

అలా కాకుండా చేయాల్సింది ఇది. ముందు విడదీయండి, దెబ్బ చూడండి, మంచినీళ్లు ఇవ్వండి. ఏమీ అడగకండి. కనీసం ఒక పీరియడ్ గడవాలి. ఉడుకుతున్న పిల్లాడికి మీ ప్రశ్న వినపడదు. ఉడుకుతున్న టీచరుకి వాడి జవాబు వినపడదు. మీకే కోపంగా ఉంటే ఆ పని ఇంకో టీచరుకి అప్పగించండి. అందుకు స్టాఫ్‌రూంలో ముందే మాట అనుకుని ఉండాలి: ‘మాస్టారూ, నా క్లాసు కాస్త చూస్తారా’ అంటే మారు ప్రశ్న లేకుండా లేచి రావాలి.

తర్వాత విడివిడిగా, ఒక్కొక్కరితో. నాలుగే ప్రశ్నలు: ఏం జరిగింది? అప్పుడు నీకేం అనిపించింది? దీనివల్ల ఎవరికి ఏమైంది? సరిచేయడానికి నువ్వేం చేయగలవు? ‘ఎందుకు చేశావ్’ అని అడగొద్దు. మన ఇళ్లలో, మన బళ్లలో ఆ మాట తర్వాత దెబ్బే పడుతుందని పిల్లలకి తెలుసు. కాబట్టి దానికి అబద్ధమే జవాబుగా వస్తుంది. ‘ముందు ఎవరు మొదలుపెట్టారు’ కూడా వద్దు. అది అడిగిన క్షణం నుంచి మీరు జడ్జి అయిపోతారు, వాళ్లు లాయర్లు అయిపోతారు.

జవాబు రాకపోతే ఆగండి. టీచర్లందరూ తడబడేది ఈ నిశ్శబ్దం దగ్గరే. మూడు సెకన్లు దాటేసరికి వాళ్లే జవాబు అందిస్తారు: ‘నీకు కోపం వచ్చింది, అంతే కదా?’ పిల్లాడు ‘ఆఁ సార్’ అంటాడు. పని అయిపోయినట్టు కనిపిస్తుంది, కాదు. మనసులో ఇరవై లెక్కపెట్టండి. పైన చెప్పిన గొడవలాంటి వాటిలో చాలాసార్లు అసలు సంగతి ఇరవై తర్వాతే బయటికి వస్తుంది: లైనులో తోసినందుకు కాదు, వారం కిందట అమ్మని ఏదో అన్నందుకు. ఆ మాట మీరు అందించలేరు.

ఇద్దరూ ఒప్పుకుంటేనే కలిపి కూర్చోబెట్టండి. ఒక్కడు వద్దన్నా ఆపండి, రేపు మళ్లీ అడగండి. ముగ్గురూ చాప మీదే. గవ్వ ఒకడి చేతికివ్వండి. వాడు చెప్పింది రెండోవాడు తన మాటల్లో తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే గవ్వ చేతులు మారుతుంది. మధ్యలో మీరు నీతి చెప్పారా, అంతా పోయినట్టే. గాంధీ గారి మాట కూడా ఎత్తొద్దు.

చివరికి వచ్చే ఒప్పందం చేతులతో చేయగలిగేదై ఉండాలి. ‘ఇకపై గొడవపడం’ అనేది ఒప్పందం కాదు, తప్పించుకోవడం. ‘జేబు మా అమ్మ చేత కుట్టించి రేపు తెస్తాను’, ‘ఆ మాట ఎవరెవరి ముందు అన్నానో వాళ్ల ముందే తప్పని చెప్తాను’ లాంటివి ఒప్పందాలు. నోట్‌బుక్కులో రాసి, వారం తర్వాత తేదీ వేసి, ఆ రోజు తప్పకుండా అడగండి. ‘సారీ’ వాళ్లంతట వాళ్లే అంటే మంచిదే. మీరు మాత్రం అడగొద్దు.

ఇంకొక హెచ్చరిక, అన్నిటికన్నా ముఖ్యం. ఈ పద్ధతి సమ ఉజ్జీల గొడవలకే. పదిమంది ఒకణ్ణి ఏడిపిస్తున్నా, పెద్ద తరగతివాడు చిన్నవాణ్ణి హింసిస్తున్నా, కులం పేరుతో తిట్టినా ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం అంటే బాధపడ్డ పిల్లని రెండోసారి బాధపెట్టడమే. లైంగిక వేధింపు అయితే గవ్వలూ చాపలూ పక్కన పెట్టేయండి. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం, 2012 ప్రకారం విషయం తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకి చెప్పితీరాలి, ‘స్కూలు పరువు’ అని సర్దుబాటు చేసి చెప్పకుండా ఉండటం నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు స్టాఫ్‌రూం గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి.

గాంధీ పాఠం ఎప్పుడు?

ఇదంతా కొన్ని నెలలు నడిచాక. ముందే చెబితే పిల్లలకి అహింస అంటే దెబ్బలు తిని ఊరుకోవడం అనిపిస్తుంది. ఉప్పు సత్యాగ్రహంలో భాగంగా 1930 మే నెలలో గుజరాత్‌లోని ధరాసన ఉప్పు కొఠార్ల దగ్గర జరిగింది చెప్పండి: వరుస వెంట వరుసగా జనం నడిచారు, లాఠీలు పడుతున్నా చెయ్యి అడ్డం పెట్టలేదు. ఊరుకున్నవాళ్లు కారు వాళ్లు, ముందుకు నడిచినవాళ్లు.

విశాఖ పిల్లలు వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది: ‘మరి అల్లూరి సీతారామరాజు?’ తప్పించుకోకండి. ఆయన పుట్టిన ఊరు పాండ్రంగి మనకు పక్కనే. చౌరీచౌరాలో హింస జరిగిందని గాంధీ సహాయ నిరాకరణను ఆపింది 1922 ఫిబ్రవరిలో. అదే ఏడాది ఆగస్టులో అల్లూరి దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద దాడి చేసి ఆయుధాలు తీసుకెళ్లింది. రెండూ బోర్డు మీద పక్కపక్కన రాసి గవ్వ తిప్పండి. ఎవరు గొప్ప అని తేల్చకండి. ఉక్కునగరం వైపు బడి అయితే 1966 ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమం తీసుకోండి. అమృతరావు నిరాహారదీక్ష, పోలీసు కాల్పులు రెండూ ఆ ఉద్యమంలోనివే. వీలైతే తాతల్ని అడిగి రమ్మనండి.

తల్లిదండ్రులు, తిరిగి వెళ్లడం

పేరెంట్స్ మీటింగులో ఎవరో ఒక తండ్రి లేచి ‘నాలుగు తగిలించండి మాస్టారూ, మేమేమీ అనం’ అంటారు. నవ్వి ఊరుకోకుండా హెచ్ఎమ్మే జవాబు చెప్పాలి: ‘ఈ బడిలో కొట్టం బాబూ. వాడితో మాట్లాడటానికి మీరూ వచ్చి కూర్చోండి.’

నెల తర్వాత మీరు చెప్పకుండా వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి. టీచరు మాటలు కాదు, నోట్‌బుక్కు చూడండి. అందులో ఒప్పందాలు పక్కాగా రాసి, వారం తర్వాత తేదీల దగ్గర ఏమీ లేకపోతే ఆ స్కూల్లో గొడవ తర్వాతి మెట్టు మళ్లీ మొదటి నుంచి చేయించాలి. నోట్‌బుక్కే ఖాళీగా ఉంటే ‘మా దగ్గర గొడవలే లేవండి’ అంటారు. నమ్మకండి, బీరువా తెరవమనండి.